షూతోనే కొలత

పోలీసువాళ్ల ప్యాంటు ఎప్పుడైనా తిరగేసి చూడండి. వెనక నడుము దగ్గర, లోపలి కుట్టులో రెండంగుళాల గుడ్డ అదనంగా మడిచి ఉంటుంది. మామూలువాళ్లకు అంగుళం వదిలితే సరిపోతుంది. ఖాకీకి మాత్రం రెండు వదలాలని నాకు పని నేర్పినాయన చెప్పేవాడు. చేరిన కొత్తలో అందరూ వెదురు కర్రల్లాగే ఉంటారు, పదేళ్లు తిరిగేసరికి కుట్టు విప్పి వదులు చెయ్యమని వస్తారు, అప్పుడు గుడ్డ ఎక్కడి నుంచి తెస్తావురా అని అడిగేవాడు. రాజపాళయంలో తెన్‌కాశి రోడ్డు మీద నాదొక చిన్న టైలర్ అంగడి. ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను. ఆయన మాట ఒక్కసారి కూడా తప్పు కాలేదు.

ఇంకో నియమం కూడా ఆయనదే. ఖాకీ ప్యాంటు పొడుగు షూతోనే తియ్యాలి. షూ విప్పించి కొలిస్తే అంచు మడమ మీద సరిగ్గా పడదు, పరేడ్‌లో పై అధికారి కంటికి అదే మొదట కనబడుతుంది. అందుకని వాళ్లు షూ విప్పరు, నేను విప్పమనను. మోకాళ్ల మీద కూచుని, టేపు చివర షూ మడమకు ఆనించి, అంకె చూసి లేస్తాను. ఎంతమంది పోలీసుల నడుములు, తొడలు, భుజాలు కొలిచానో లెక్క లేదు. కొలత తీసేటప్పుడు వాళ్ల పాదాలు మాత్రం ఎప్పుడూ చూడలేదు, మా బావవి తప్ప. అదీ ఒక్కసారే.

బావ అంటే మా అక్క మొగుడు. హెడ్ కానిస్టేబుల్. సేత్తూరు వైపు ఊళ్లలోనూ, మా టౌన్‌లోనూ మార్చి మార్చి పనిచేశాడు. మాది మిల్లు కుటుంబం. నాన్న స్పిన్నింగ్ మిల్లులో దూది దుమ్ము పీల్చి పీల్చి దగ్గుతో పోయాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ. మా వీధిలో మొదటిసారి సర్కారు ఉద్యోగం వచ్చిన మనిషి బావే. అక్కను ఇచ్చినప్పుడు వీధంతా మమ్మల్ని చూసి కుళ్లుకుంది, ఆ సంగతి చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. పెళ్లయిన వారానికి బావ తన ఖాకీ గుడ్డ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "ఇంక నీ బతుకంతా నాకు కుట్టడమే మచ్చాన్" అన్నాడు. బావమరిదిని అలా పిలవడం మా వైపు అలవాటు. అప్పుడు ఆయన నడుము ముప్పై. నా టేపుకు ఆ అంకె ఇప్పటికీ గుర్తుందనిపిస్తుంది.

తరువాత ముప్పై రెండు. ముప్పై నాలుగు. పిల్లలు పుట్టాక ముప్పై ఆరు. పని నేర్పినాయన చెప్పినట్టే ప్రతి ప్యాంటులోనూ లోపలి గుడ్డ మొత్తం అయిపోతూ వచ్చింది. ముప్పై ఎనిమిది దగ్గర మళ్లీ కొత్త ప్యాంటు కుట్టాల్సి వచ్చింది.

"ఏం మచ్చాన్, టేపు పొట్టిదయిపోయిందా?" అనేవాడు బావ.

"టేపు అట్లే ఉండాది బావా. నువ్వే రెండో మనిషిని లోపల దాచుకోని వస్తా ఉండావు."

"దాచలేదురా, లాకప్పులో పెట్టినా" అనేవాడు, కడుపు తట్టుకుంటూ.

నవ్వేవాళ్లం. కానీ ఆ కడుపు తిండి వల్ల వచ్చింది కాదని నాకు తెలుసు. తిండికి వేళ ఉంటే కదా. పొద్దున తినాల్సిన ఇడ్లీ మధ్యాహ్నం మూడింటికి, అదీ జీపులో. అన్నం బదులు టీ, టీతో బజ్జీ. రోడ్డు మీద నిలబడే రోజుల్లో నీళ్లు తాగేవాడు కాదు. తాగితే ఒంటికి పోవడానికి చోటు వెతకాలి, చోటు వదిలి పోతే మాట పడాలి. పండగ ఎవరికి వచ్చినా ఆయనకు బందోబస్తు. మంత్రి వస్తే బందోబస్తు, మంత్రి రాకపోతే ఎందుకు రాలేదని గొడవ, దానికీ బందోబస్తు.

ఇంకొకటుంది. శవాలను దించేది, బావిలోంచి తీసేది, ఎలక్ట్రిక్ కంబానికి గుద్దుకున్న బైకు కింద నుంచి లాగేది కింది స్థాయి పోలీసులే. ఒకసారి తళవాయిపురం దగ్గర తోటబావిలోంచి ఒక ఆడపిల్లను తీశాడు. ప్లస్ టూ చదివే పిల్ల. ఆ వారంలోనే ఆయన పెద్ద కూతురు అదే క్లాసుకు వచ్చింది. ఆ సంగతి నాతో అన్నాడు గాని అక్కతో అనలేదు. అప్పటి నుంచి ఇంట్లో ఊరికే కోపం మొదలైంది. అన్నం వేడిగా ఉంటే కోపం, చల్లారితే కోపం. పిల్ల ఇంటికి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే వీధి చివర వరకు పరిగెత్తేవాడు. మెత్తని మనిషి. కోడిని కొయ్యాలన్నా పక్కింటివాళ్లను పిలిచేవాడు. నా కళ్ల ముందే గట్టిపడిపోయాడు. నేను కూడా 'పోలీసు బుద్ధి' అని నవ్వి ఊరుకున్నాను.

నిద్ర అసలు లేదు. ఫోను ఎప్పుడు మోగుతుందో అని చెవి తెరుచుకునే ఉండేది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటే అంత మెలకువగా ఉండేవాడని అక్క చెప్పేది. వింత ఏమిటంటే, నా అంగట్లో నిద్ర పట్టేది. మధ్యాహ్నం డ్యూటీ మారే గంటలో వచ్చి, మిషన్ పక్కన స్టూలు మీద కూచుని, గోడకు తల ఆనించేవాడు. నేను మిషన్ తొక్కుతుంటే ఆ టకటకకు రెండు నిమిషాల్లో గురక. మిషన్ ఆపితే దిగ్గున లేచేవాడు. "ఏమయింది? ఎవరు?" అనేవాడు, చెయ్యి నడుము దగ్గరికి పోయేది. అందుకని నా కుట్టు అయిపోయినా నేను ఆపేవాణ్ణి కాదు. దారం తీసేసి, గుడ్డ లేకుండా, ఉత్త మిషన్ తొక్కుతూ కూచునేవాణ్ణి. రోడ్డు మీద పోయేవాళ్లు చూసి ఈ మనిషికేమన్నా పిచ్చా అనుకుని ఉంటారు. నేను ఆయనకు చేసిన మంచి పనులు లెక్కపెడితే అదొక్కటే మిగులుతుంది.

స్టేషన్లవాళ్లందరినీ ఒకసారి మనసు బాగుండడానికి ఏదో క్లాసుకు పిలిచారు. ఎలా ఉంది బావా అని అడిగాను. "ఫ్యాన్ బాగుండింది మచ్చాన్. వెనక వరసలో కూచుని నిద్రపోతిని. ఆ అమ్మ పాపం లేపలేదు" అన్నాడు. మాట్లాడిన ఆవిడ చివర్లో, ఎవరికైనా ఏమైనా చెప్పుకోవాలని ఉంటే చెప్పండి, బయటికి పోదు అందట. ఎవరూ లేవలేదట. అందరూ ఒకరి షూ వైపు ఒకరు చూసుకున్నారట.

ఆ తరువాతి ఏడాది బావ నడుము తగ్గింది.

ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ముప్పై ఎనిమిది ముప్పై ఆరయింది, మూడు నెలల్లో ముప్పై నాలుగయింది. నేనేం చేశానో తెలుసా? చప్పట్లు కొట్టాను. "బావా, మళ్లీ పెళ్లికొడుకు అయిపోయినావు, అక్క జాగ్రత్తగా ఉండాల" అన్నాను. ముప్పై ఏళ్లుగా ఒళ్లు కొలిచే మనిషిని, కొలత తగ్గడం అంటే మంచిదనే అనుకున్నాను. ఖాకీ గిరాకీల్లో తగ్గినవాణ్ణి అంతకు ముందు నేను చూసి ఎరగను. పెంచడానికి గుడ్డ వదలమన్నాడు గాని, తగ్గితే ఏమిటో నాకు పని నేర్పినాయన చెప్పలేదు.

బావ మాత్రం నవ్వలేదు. "తగ్గినట్టు తెలియకుండా కుట్టు మచ్చాన్" అన్నాడు. ప్యాంటు ముందు రెండు మడతలు పెట్టమన్నాడు, చొక్కా భుజానికి లోపల కొంచెం దళసరి గుడ్డ వెయ్యమన్నాడు. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పాడు. ఆగస్టులో వచ్చే ఆవణి నెలలో ఇరవై అయిదేళ్ల సర్వీసు నిండుతుంది. అది నిండితే స్పెషల్ ఎస్.ఐ. చేస్తారు, భుజాన నక్షత్రాలు వస్తాయి. ఇప్పుడు ఎవరి కంటన్నా పడి, ఒళ్లు బాగాలేదని రాసేస్తే, ఎక్కడన్నా మూల కూచోబెడతారని ఆయన భయం. నిజంగా అలా చేస్తారో లేదో నాకు తెలియదు. ఆయన నమ్మాడు. ఇరవై అయిదేళ్లు ఎండలో నిలబడ్డవాడికి ఆ నక్షత్రాలు ఎంతో, బయటివాళ్లకు అర్థం కాదు.

"షుగరా బావా?" అని అడిగాను.

"ఉండాదిలే. మాత్ర వేసుకుంటా ఉండా. నీ పని నువ్వు చూడు."

నా పని నేను చూశాను. ఎంత బాగా చూశానంటే, ఆ చొక్కా వేసుకుని పోతుంటే ఎవరికీ ఏమీ తెలియలేదు. ఇంట్లో లుంగీ బనియన్‌తో చూసే అక్కకు తెలియకుండా ఉండదు. కానీ ఆమెతో ఆయన, జిల్లాలో ఫిట్‌నెస్ టెస్టు ఉంది, అందుకని తిండి తగ్గించానని చెప్పాడు. అక్క నమ్మింది. ఆమెకు ఊపిరాడని పని ఉండేది. మా వైపు ఊళ్లలో ఆస్పత్రులకు పోయే గాజు గుడ్డ, అంటే గాయాలకు కట్టే పల్చటి నూలు గుడ్డ, నేస్తారు. ఆ గుడ్డను కట్టలుగా కోసి, చుట్టి, అట్టపెట్టెల్లో పెట్టే పని ఇంటికి తెచ్చుకుని చేసేది. ఎవరి పుండ్లకో కట్టడానికి మా అక్క వేళ్లు పొద్దంతా చుడుతూనే ఉండేవి.

ఆవణికి ముందరి ఆడి నెలలో శ్రీవిల్లిపుత్తూరు తేరు, అంటే గుడి రథం లాగే పండగ. బావకు అక్కడ బందోబస్తు. తేరు అయిన మర్నాడు పొద్దున పది గంటలకు నేరుగా నా అంగడికి వచ్చాడు. ముందు రోజంతా తాడు దగ్గర నిలబడ్డాడు. జనం చల్లుకున్న నీళ్లతో రోడ్డు బురదయింది, షూ లోపలికి నీళ్లు పోయాయి. షూ నానిపోయి పిచపిచమంటోంది.

"ఈ తూరి విప్పేస్తా మచ్చాన్, కంపు కొట్టినా భరించుకో" అని స్టూలు మీద కూచుని షూ విప్పాడు, సాక్సు విప్పాడు. నక్షత్రాలు వచ్చినప్పుడు వేసుకోడానికి కొత్త యూనిఫాం కొలత ఆరోజే ఇవ్వాలని వచ్చాడు. గుడ్డ సంచిలో పెట్టుకుని తెచ్చాడు. లేచి అద్దం ముందర నిలబడ్డాడు.

నేను నడుము కొలిచాను. ముప్పై రెండు. టేపు తిప్పి మళ్లీ కొలిచాను, అదే అంకె. సీటు కొలిచాను, తొడ కొలిచాను. బావ తేరు కథ చెబుతున్నాడు. తాడు లాగే గుంపులో ఒక తాత కింద పడబోతే ఎలా పట్టుకున్నాడో, ఆ తాత లేచి ఎలా తిట్టాడో చెబుతూ నవ్వుతున్నాడు. చెబుతూ ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను పొడుగు కొలవడానికి మోకాళ్ల మీద కూచున్నాను. కుడి కాలు కొంచెం పైకెత్తు బావా, అన్నాను. ఎత్తాడు.

ఆయన కుడి పాదం అడుగున, బొటనవేలి కింది కండలో, గుండుసూది దిగి ఉంది. పూర్తిగా దిగింది. తల ఒక్కటే తెల్లగా కనబడుతోంది.

నా సూదే. టైలర్ అంగట్లో కింద సూదులు పడకుండా ఉంటాయా. అవి దిగితే మనిషి ఎగిరి గంతేస్తాడు. బావ గంతెయ్యలేదు. ఆ కాలి మీద బరువు వేసి నిలబడి తాత కథ చెబుతూనే ఉన్నాడు.

"బావా" అన్నాను.

"ఏమిరా?"

"నీ కాల్లో సూది దిగుండాది."

వంగి చూశాడు. ఎవరి కాలో చూసినట్టు చూశాడు. నేను వేలితో పట్టుకుని లాగాను. అంగుళం పొడుగు సూది. నెత్తురు ఒక చుక్క వచ్చింది. లాగినప్పుడు కూడా ఆయన ముఖంలో ఏమీ లేదు. నా ముఖంలో ఏముందో ఆయనకు కనబడింది. అప్పుడు మాత్రం కూచున్నాడు.

"ఎన్ని దినాలుగా ఇట్లా ఉండాది?" అని అడిగాను.

"తిమ్మిరి మాదిరి ఉంటుందిరా. నిలబడి నిలబడి అందరికీ ఉండేదే."

"ఇది తిమ్మిరి కాదు. రా, ఇప్పుడే ఆస్పత్రికి పోదాం."

"ఆవణి ఒకటి దాటనీ మచ్చాన్. ఆర్డరు చేతికి రానీ. మర్నాడే వస్తా, నువ్వే తీసుకోనిపో." నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ అక్కకు చెప్పినావంటే అది నేరుగా స్టేషన్‌కు వచ్చి అందరి ముందరా ఏడుస్తుంది. చెప్పనని అను."

నేను అన్నాను. చెప్పనని అన్నాను. ఎందుకన్నానని నన్ను నేను అడగని రోజు లేదు. బావమరిది మర్యాద, ఖాకీ అంటే చిన్నప్పటి భయం, నా సూదే అన్న సిగ్గు. నిజం చెప్పాలంటే ఈ మూడోదే ఎక్కువ. అక్క ఇచ్చిన గాజు గుడ్డ ముక్కలు మిషన్ తుడవడానికి నా దగ్గర ఉండేవి. ఒకటి శుభ్రమైనది తీసి, డెట్టాల్ పెట్టి, పాదానికి చుట్టాను. ఆయన తడి సాక్సు మళ్లీ తొడుక్కుని, తడి షూలో ఆ కాలు దూర్చి, లేసు కట్టుకుని డ్యూటీకి పోయాడు.

ఆ తరువాతి రోజులు ఎలా గడిచాయో చెబుతాను. నా భార్య చనిపోయి అయిదేళ్లయింది. వారంలో రెండు మూడు సార్లు అక్క ఇంట్లోనే తింటాను. ఆ రోజుల్లోనూ తిన్నాను. బావ ఉంటే ఆయన కాళ్ల వైపు చూసేవాణ్ణి. ఇంట్లోనూ సాక్సు వేసుకుని తిరుగుతున్నాడు. "నేల చల్లగా ఉండాది" అని అక్కతో అంటున్నాడు. నాకు మాత్రం కళ్లతో సరేనన్నట్టు సైగ. ఒకరోజు అంగడికి వచ్చినప్పుడు చూపించమన్నాను. "లేసు ఇప్పుడే కట్టినా, ఆరిపోయింది పో" అన్నాడు. చూపించనందుకు నాకు లోపల హాయిగా అనిపించింది. అది కూడా రాసేస్తున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం అక్క నాకు పులుసు వడ్డిస్తూ, గరిటె గిన్నెలోనే ఆపి అడిగింది.

"ఏమిరా, మీ బావ నీతో ఏమన్నా చెప్పినాడా?"

"ఏం చెప్తాడు?"

"ఏమో. మనిషి దగ్గర ఒక వాసన వస్తా ఉండాది. షూ కంపు అంటాడు. నాకు భయంగా ఉండాది."

నా నోట్లో అన్నం ఉంది. మింగాను. "తేరులో నానిపోయింది కదక్కా, తోలు కంపే అది" అన్నాను. అక్క ముఖం తేలికపడింది. తమ్ముడు చెప్పాడు కదా. ఇంకో గరిటె పులుసు వేసింది. ఆ పులుసు రుచి ఇవాళ్టికీ నా నాలుక మీద ఉంది.

ఆవణి మొదటి వారంలో బావ ఒక దొంగను శ్రీవిల్లిపుత్తూరు కోర్టుకు తీసుకుపోయాడు. సెల్‌ఫోన్ల దొంగ, సన్నటి మనిషి. పొద్దున నుంచే బావకు జ్వరం ఉందట. కోర్టు వరండాలో దొంగ చెయ్యి పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. చెయ్యి వదిలేశాడు. దొంగ పారిపోలేదు. "అయ్యా, అయ్యా" అని అరిచి, జనాన్ని పిలిచి, బావ తలను తన ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. ఆ సంగతి బావతో పోయిన ఇంకో కానిస్టేబుల్ చెప్పాడు. ఆ దొంగకున్న బుద్ధి నాకు లేకపోయింది.

ఆస్పత్రిలో షూ కత్తిరించి తీయాల్సి వచ్చింది. అక్కడి నుంచి మదురైకి పంపించారు. నేను, అక్క అంబులెన్సులో కూచున్నాం. నేను చుట్టిన గాజు గుడ్డ ముక్క ఇంకా ఆ పాదానికి అంటుకునే ఉంది. అక్క దాన్ని చూసింది. తను చుట్టే గుడ్డను తను గుర్తుపట్టదా. కానీ ఇంట్లో ఎక్కడ చూసినా ఆ గుడ్డే ఉంటుంది, ఆయనే చుట్టుకున్నాడు అనుకుంది. "నాకు ఒక మాట చెప్పి ఉంటే నేను కట్టనా" అని మెల్లిగా ఏడ్చింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాను.

కుడి కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. డాక్టరు మమ్మల్ని కూచోబెట్టి, షుగర్ ఏళ్ల తరబడి ఉందని, పాదంలో నరాలు ఎప్పుడో చచ్చిపోయాయని చెప్పాడు. పుండు దేని వల్ల మొదలైందని అక్క అడిగింది. ఏదైనా కావచ్చు, షూ ఒరుసుకుని ఉండొచ్చు, రాయి కావచ్చు, మేకు కావచ్చు అన్నాడు. ఏదైనా కావచ్చు అన్న ఆ మాటను నేను గట్టిగా పట్టుకున్నాను. దాన్ని పట్టుకునే ఇంటికి వచ్చాను. అయస్కాంతం ఒకటి కొని తెచ్చి, గంటకోసారి అంగడి నేలంతా లాగడం మొదలుపెట్టాను. ఇప్పుడు నా అంగట్లో చంటిబిడ్డ పాకినా ఏమీ కాదు.

బావ ఇంటికి వచ్చాక చాలా నిద్రపోయాడు. ఫోను మోగేది కాదు, మోగినా అది అక్కది. పొద్దున ఎనిమిదికి లేచేవాడు, మధ్యాహ్నం మళ్లీ పడుకునేవాడు. ఇన్నేళ్లలో ఇంత నిద్ర చూడలేదు, నాకు భయమేస్తోంది అనేది అక్క. లేచి ఉన్నప్పుడు మంచం అంచున కూచుని, వీధిలో జీపు చప్పుడు వస్తే ఒక్కసారి లేవబోయేవాడు. లేవడానికి ఒక కాలే ఉందని ఆ క్షణంలో గుర్తొచ్చి కూచునేవాడు. ఒకరోజు నా ముందరే ఏడ్చాడు. "బావిలోంచి తీసిన పిల్ల కాలికి ఒక గొలుసు ఉండె మచ్చాన్. ఒక కాలికే. రెండోది ఎక్కడ పోయిందో నీళ్లలో దిగి వెతికినా. దొరకలే" అన్నాడు. ఎన్నేళ్ల కింద మాట అది. నేను ఆయన భుజం పట్టుకుని కూచున్నాను. మిషన్ ఉంటే తొక్కేవాణ్ణి.

ఆయన భయపడ్డట్టు ఏమీ జరగలేదు. స్టేషన్‌లోవాళ్లు వంతులవారీగా వచ్చారు, మదురైకి రక్తం ఇవ్వడానికి పోయారు. ఆరు నెలలకు, మాసి నెలలో ఆర్డరు వచ్చింది. స్పెషల్ ఎస్.ఐ. స్టేషన్‌లోనే కూచుని, వచ్చినవాళ్ల పెటిషన్లు తీసుకునే పని. ఒంటి సంగతి ముందుగా చెప్పి ఉన్నా ఇదే వచ్చేదేమో. కాలు కూడా ఉండేదేమో. ఈ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనరు.

ఆర్డరు వచ్చిన ఆదివారం పొద్దున బావ, అక్క ఆటోలో నా అంగడికి వచ్చారు. ఆడి నెలలో ఇచ్చిపోయిన ఖాకీ గుడ్డ నా బీరువాలో అలాగే ఉంది. ఆ రోజు తీసిన కొలతకు నేను కత్తెర పెట్టలేదు. బావకు కొత్త కాలు పెట్టారు. దానికి షూ కూడా తొడిగారు. రెండు షూలూ పాలిష్ చేసి మెరుస్తున్నాయి. కర్ర పట్టుకుని దిగి, అద్దం ముందర నిలబడ్డాడు. అక్క స్టూలు మీద కూచుని చాలా రోజుల తరువాత నవ్వుతోంది. భుజాన నక్షత్రాలు ఎక్కడ వస్తాయో చూపించమని అడిగింది. చూపించాను.

నడుము ముప్పై నాలుగు. ఈసారి అది మంచి కొలతే, మందులు సరిగ్గా పడుతున్నాయి. వెనక రెండంగుళాలు వదులుతున్నా బావా, అన్నాను. వదులు వదులు, అన్నాడు. పొడుగు కొలవడానికి మోకాళ్ల మీద కూచున్నాను. ఎడమది కొలిచి, కుడి వైపుకు జరిగాను. టేపు షూ మడమకు ఆనించాను. రెండో చేత్తో ఆ షూ చుట్టూ నేల తడిమి చూశాను.

బావ అది చూశాడు. నన్ను నవ్వించాలని అనుకున్నాడు, అంతే. ఆయనకు ఇంకో ఉద్దేశం లేదు. కర్రతో ఆ కాలిని టక్కుమని కొట్టి అన్నాడు:

"ఎందుకు భయపడతావు మచ్చాన్? ఇంక ఈ కాల్లో నీ సూదులు ఎన్ని దిగినా పరవాలే. ఆ దినం మాదిరే కథ చెప్పుకుంటా నిలబడుంటా."

నేను తల ఎత్తలేదు. వెనక నుంచి అక్క గొంతు వచ్చింది.

"ఏ దినం మాదిరి?"

బావ తడుముకున్నాడు. "చుమ్మా, ఊరికే అన్నాలే."

"ఏ సూది?" అక్క ఆయన్ని అడగలేదు, నన్ను అడిగింది.

చెప్పాను. నేల మీద కూచునే చెప్పాను. తేరు అయిన మర్నాడు వచ్చాడని, షూ విప్పాడని, సూది దిగినా తెలియలేదని, నేనే లాగానని, ఆ గాజు గుడ్డ నేనే చుట్టానని, ఆవణి దాకా ఎవరికీ చెప్పవద్దన్నాడని, నేను సరేనన్నానని చెప్పాను. బావ మధ్యలో "తప్పు నాదే, వాణ్ణి ఏమీ అనకు" అన్నాడు. అక్క విన్నట్టు లేదు. వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ ఏదో లెక్క చూసుకుంది. తేరు మర్నాటి నుంచి కోర్టు దినం దాకా పద్దెనిమిది.

"ఆ పద్దెనిమిది దినాల్లో" అంది, "మా ఇంట్లో ఎన్ని తూర్లు తిన్నావురా?"

గట్టిగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఆరు తూర్లక్కా."

"ఏడు" అంది. "కడాపటి శుక్రవారం టిఫినుకు వచ్చినావు. దోసె వేసి పెట్టినా."

నాకు ఏడుపు వచ్చింది. అక్క ఏడవలేదు. స్టూలు దిగి, నా పక్కన నేల మీద కూచుంది. బావను స్టూలు మీద కూచోమంది. ఆయన కూచున్నాడు. ఆయన ఎడమ షూ లేసు విప్పింది. షూ తీసి పక్కన పెట్టింది, సాక్సు లాగింది. ఆ పాదాన్ని తన ఒళ్లోకి తీసుకుని, వేళ్ల సందులు ఒక్కొక్కటే విడదీసి, అరికాలు వెనక్కి తిప్పి చూస్తోంది. నేను టేపు పట్టుకుని అలాగే కూచున్నాను.

"లైటు వెయ్యిరా" అంది. "సరిగ్గా కనబడలే."

లేచి లైటు వేశాను.